మోకాలి నొప్పికి జమాఖర్చు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



ఈ శుభసమయమున కావ్యములను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను పండితుడను గాను. సహకార సంఘమున పద్దులు వ్రాసికొని బ్రదుకువాడను. మా తండ్రిగారు ఈ గ్రామమునకు కరణము. 1984లో ఆ ఉద్యోగములు రద్దయిన పిమ్మట మా యింట మిగిలినవి ఒక కలముల పెట్టెయు, నాలుగు పాత పుస్తకములును. ఆ పుస్తకములలోని మాటలకు అర్థము వెదకికొనుటకై ఇరువదియైదేండ్ల క్రిందట నేను ఈ గ్రంథాలయపు మెట్లెక్కితిని. నాకు వచ్చిన నాలుగు ముక్కలును ఇచ్చటి బల్లల యొద్ద నేర్చినవే. అందుచేత కార్యదర్శిగారి మాట కాదనలేకపోతిని.

కాని నా మనసు కావ్యములనుండి మరలుటకు ఒక కారణము కలిగినది. రజతోత్సవ నివేదికకై చందాదారుల దస్త్రమును తిరుగవేయు పని నాకే అప్పగించిరి. మొదటి సంవత్సరమున చేరినవారిలో ఈ ఊరనే యుండియు చందా మానివేసినవారు పదునొకండుగురు తేలిరి. ఒక్కొక్కరి యింటికి పోయి కారణమడిగితిని. ఇద్దరు చూపు మందగించినదనిరి. తక్కిన తొమ్మండుగురును చెప్పిన కారణ మొక్కటే. "నాయనా, పుస్తకము చదువవలెననియే యున్నది. ఆ పది మెట్లు ఎక్కలేకున్నాను."

తుపాను నీరు పుస్తకములను తాకరాదని మనమే ఈ కట్టడమును ఎత్తున కట్టితిమి. నీరు రాలేదు. పాఠకులు కూడ రాకపోయిరి. అందుచేత నేడు కావ్యమును ప్రక్కన బెట్టి మోకాలిని గూర్చి మాటాడెదను. బోడిగుండుకును మోకాలికిని ముడివేయుచున్నాడని మీరు నవ్వుకొనవచ్చును. ఆ ముడి మన మెట్లమీదనే పడినది.

నేను వైద్యుడను గాను. కనుక నేను చెప్పునది మందుచీటి కాదు. మా అక్కగారి మనుమరాలు ఫిజియోథెరపీ చదువుచున్నది. ఆమె పరిశోధనల సారమును నాకు తెలుగున విప్పి చెప్పినది. జిల్లా ఆసుపత్రి యెముకల వైద్యుడొకరు నా ప్రశ్నలకు ఓపికతో సమాధానము లిచ్చిరి. విన్నదానిని పద్దులవాడు వ్రాసికొనునట్లు వ్రాసికొంటిని. అదే మీ ముందుంచుచున్నాను.

మోకాలిని మన పూర్వులు తక్కువగా చూడలేదు. సంస్కృతమున దానికి జానువని పేరు. మహాపురుషుని వర్ణింపవలసినచో ఆజానుబాహువందురు. సుశ్రుతుడు శరీరమున 107 మర్మస్థానములు లెక్కించి, జానుమర్మమును దెబ్బతగిలినచో అవిటితనము కలిగించు మర్మములలో చేర్చెను. చరకుడు కీళ్ళను పట్టు వాతమును చెప్పుచు వాపును, కదల్చునపుడు కలుగు నొప్పిని పేర్కొనెను. బాధ క్రొత్తది కాదు. క్రొత్తగా వచ్చినవి మందులును, మందుల పేర జరుగు బేరములును.

మన ఊర ఈ జబ్బునకు "గుజ్జు అరుగుట" యని పేరు. ఈ మాట సగము నిజము. తొడయెముకయు ముంగాలి యెముకయు కలియుచోట వాని కొనలమీద నున్నని తెల్లని పొర యుండును. వైద్యులు దానిని మృదులాస్థి యందురు. రెండెముకల నడుమ అర్ధచంద్రాకారముగల మెత్తలు రెండు. వీనినన్నిటిని చుట్టుకొని ఒక సంచి. ఆ సంచిలో కీలు జారుటకు తగిన జిగురు ద్రవము కొంచెము. వయసుచేతను, అధిక భారముచేతను, పాత దెబ్బలచేతను, వంశమున వచ్చు లక్షణముచేతను ఆ తెల్లని పొర పలుచబడి గరుకు తేలును. ఎముకల అంచులు ముండ్లవలె పెరుగును. సంచి అప్పుడప్పుడు వాచును.

ఇక సగము పొరపాటు చెప్పెదను. ఆ తెల్లని పొరకు రక్తనాళములు లేవు. కనుక తరిగినది తిరిగి పెరుగుట బహు దుర్లభము. దానికి నరములును లేవు. కనుక అది తనంత తాను నొప్పి తెలుపదు. నొప్పి తెలుపునవి చుట్టునున్న సంచి, లోపలి యెముక, స్నాయువులు. అందుచేతనే ఎక్సురేలో అరుగుదల మిక్కిలిగా నున్నవారు కొందరు చేలగట్లమీద నడచుచుందురు. అరుగుదల స్వల్పముగా నున్నవారు కొందరు మంచము దిగలేకుందురు. ఈ ఒక్క సంగతి తెలిసియుండినచో మా యింట ఒక నష్టము తప్పియుండెడిది.

ఆ నష్టము సంగతి చెప్పుటకు సిగ్గుగానే యున్నది. అయినను చెప్పెదను. మా అక్కయ్య ఈ ఊరి కోడలు. పొలములో ఊడ్పులు, కుప్పనూర్పులు, ఇంట గేదెలు; ముప్పదియైదేండ్లు కూర్చుండి యెరుగదు. ఏబది దాటగానే మోకాళ్ళు పట్టుకొనినవి. మొదట ఊరిలో సూదిమందు వేయువారొకరు నెలకొక సూది వేసిరి. సూది వేసిన మరునాడు లేడిపిల్లవలె తిరిగెడిది. ఆ మందు పేరు ఎన్నడును కాగితముమీద లేదు. మూడవ నెలకు మధుమేహము హద్దు మీరినది. అది స్టెరాయిడు కావచ్చునని తరువాత ఒక వైద్యుడు చెప్పెను.

తరువాత పట్టణములోని ఒక వైద్యశాలవారి కరపత్రము మా యింటికి వచ్చెను. కత్తి లేదు, కోత లేదు, నీ రక్తముతోనే నీ గుజ్జు పెరుగును, అని దానిలోని మాట. మూడు సూదులకు నలుబదియైదు వేల రూపాయలు. అక్కయ్య చేతి గాజులు నాలుగు తాకట్టు పెట్టవలెననెను. "తమ్ముడూ, లెక్కలు తెలిసినవాడవు నీవు. పెట్టుమందువా?" యని అడిగెను. నేను వడ్డీ లెక్కగట్టి, ఎన్ని నెలలకు విడిపింపవచ్చునో చెప్పితిని. తాకట్టు కాగితము నా చేతితోనే వ్రాసితిని. ఆ సూది ఎంతమందికి గుణమిచ్చినది, ఎంతకాలము నిలిచినది అని ఒక్క ప్రశ్న అడుగలేదు.

రెండు నెలలు నొప్పి తగ్గినది. మూడవ నెల యథాస్థితి. ఆ యేడు పంట నీట మునిగినది. గాజులు వేలమునకు పోయినవి. అక్కయ్య నన్నొక మాట అనలేదు. ఒట్టి చేతులతో నాకు భోజనము వడ్డించినపుడు మాత్రము నేను తలయెత్తలేకపోతిని. పైసా తేడా వచ్చిన రాత్రియెల్ల మేలుకొను వాడను, ఆ పద్దునందు ప్రశ్న అడుగకయే సంతకము చేసితిని.

అప్పటినుండి మోకాలికి చెప్పెడి ప్రతి వైద్యమును మూడు ప్రశ్నలతో పరీక్షించుట అలవాటు చేసికొంటిని. మొదటిది: ఈ మందు తీసికొన్నవారిని ఎవరితో పోల్చిచూచిరి? రెండవది: గుణము ఎంతకాలము నిలిచినది? మూడవది: డబ్బు గాక ఇంకేమి పోగొట్టుకొనవలసి రావచ్చును?

పోల్చుట యేల యని మీరడుగవచ్చును. అమెరికాలోని హ్యూస్టను నగరమున జరిగిన ఒక పరిశోధన దీనికి సమాధానము. మోకాలిలోనికి సన్నని గొట్టమును పంపి చూచు విద్యకు ఆద్యుడు జపానుదేశపు టకాగి యను వైద్యుడు. ఆయన 1918లో ఆ ప్రయత్నము చేసెను. ఆ విద్య పెరిగి పెరిగి, చిన్న రంధ్రములగుండ మోకాలిని కడుగుట, గరుకును చెక్కివేయుట లోకమంతట వాడుకకు వచ్చెను. చేయించుకొన్నవారు తమకు నెమ్మదించినదనిరి. అయినను హ్యూస్టను వైద్యులకు సందేహము కలిగెను. 180 మంది రోగులను, వారి సమ్మతితో, మూడు పాళ్ళు చేసిరి. ఒక పాలివారికి చెక్కిరి. ఒక పాలివారికి కడిగిరి. మూడవ పాలివారికి మత్తిచ్చి, చర్మముమీద గాట్లు మాత్రము పెట్టి కుట్టిరి. ఎవరికేమి చేసిరో రోగులకు తెలియదు. రెండేండ్లు చూచిరి. 2002లో ఫలితము ప్రకటించిరి. నిజముగా చేయించుకొన్నవారికి, ఉత్త గాట్లు పడినవారికంటె ఎక్కువ మేలు కలుగలేదు.

దీని భావమేమి? రోగులు అబద్ధమాడలేదు. వారికి నిజముగనే నెమ్మదించినది. మోకాలి నొప్పి పోటుపాట్లవంటిది. బాధ మిక్కిలియైనపుడు మనము వైద్యునియొద్దకు పోవుదుము. పిమ్మట అది తనంతట కొంత తగ్గును. నమ్మకము మరికొంత తగ్గించును. ఆ తగ్గుదలనంతను మందు ఖాతాకు జమకట్టుట తప్పు లెక్క. పోలిక లేనిదే ఏది మందు గుణమో, ఏది కాలము గుణమో తేలదు. మా అక్కయ్యకు రెండు నెలలు కలిగిన సుఖము ఏ ఖాతాదో నేటికిని నాకు తెలియదు.

ఇక పద్దులకు వచ్చెదను. మా సంఘమున జమ యను పుట యుండును, ఖర్చు యను పుట యుండును. ఇంకను తేలని మొత్తమును వ్రాయుటకు అనామతు అను పుట యుండును. మోకాలి వైద్యములను నేను ఈ మూడు పుటలలో వ్రాసికొంటిని.

జమ పుటలో మొదటిది వ్యాయామము. నొప్పిగా నున్నపుడు కదలరాదని మనవారి నమ్మకము. అది తప్పు. తొడ ముందరి కండ బలముగా నున్నచో అది మోకాలి భారమును పంచుకొనును. గట్టి కుర్చీలో కూర్చుండి, ఒక కాలు మెల్లగా చాచి, ఐదంకెలు లెక్కించువరకు నిలిపి, మెల్లగా దించవలెను. కాలికి పదిమారులు, దినమునకు రెండు పూటలు. నాలుగు దినములు చేసి గుణము లేదనరాదు. ఆరు వారములు, ఎనిమిది వారములు పట్టును. దీనికి ఖర్చు సున్న.

రెండవది శరీరభారము తగ్గించుట. స్థూలకాయులు ఒక కిలో తగ్గినచో అడుగుతీసి అడుగు వేయునప్పుడెల్ల మోకాలిమీద సుమారు నాలుగు కిలోల బరువు తగ్గునని కొలిచిచూచిన పరిశోధకులు చెప్పిరి. ఇట్టి వడ్డీ ఏ బ్యాంకును ఇయ్యదు.

మూడవది చేతికర్ర. నొప్పి కుడికాలికైనచో కర్ర ఎడమచేత పట్టవలెను. మన ఊర పదిమందిలో తొమ్మండుగురు నొప్పియున్న ప్రక్కనే పట్టుదురు. మెట్లెక్కునపుడు బాగున్న కాలు ముందు, దిగునపుడు నొప్పికాలు ముందు. కర్ర పట్టుట ముసలితనమునకు లొంగుట యని సిగ్గుపడువారున్నారు. కంటికి అద్దములు పెట్టుకొనుటకు లేని సిగ్గు కాలికి కర్ర పట్టుటకేల?

నాలుగవది పైపూత మందు. డైక్లోఫెనాకు వంటి మందు కలిసిన జెల్లును మోకాలికి రాసికొన్నచో నొప్పి కొంత తగ్గును. కడుపునకును మూత్రపిండములకును కలుగు హాని మాత్రల కంటె చాల తక్కువ. అదే జాతి నొప్పి మాత్రలను దుకాణమున కొని నెలల తరబడి మ్రింగువారు వినవలెను. అవి పొట్టలో పుండ్లు పుట్టింపగలవు, మూత్రపిండములను చెడగొట్టగలవు, గుండెకు హాని చేయగలవు. వైద్యుడు చెప్పినపుడు, చెప్పినన్ని దినములు మాత్రమే వాడవలెను.

ఇప్పుడు సూదుల సంగతి. కోత లేని వైద్యములు కొన్ని నేడు వచ్చినవి. వీనినన్నిటిని ఒక గాటకట్టుట న్యాయము కాదు.

కీలులోనికి ఇచ్చు స్టెరాయిడు సూది మొదటిది. కీలు వాచి బాధ మిక్కుటమైనపుడు అర్హుడైన వైద్యుడు శుభ్రముగా ఇచ్చినచో కొన్ని వారములు మంచి నెమ్మది కలుగును. ఇది నిజమైన గుణమే. కాని స్వల్పకాలపు గుణము. బోస్టను నగరమున 140 మందిపై జరిగి, 2017లో ప్రకటితమైన పరిశోధనలో కొందరికి స్టెరాయిడును, కొందరికి ఉప్పునీటిని పన్నెండు వారముల కొకసారి రెండేండ్లపాటు ఇచ్చిరి. రెండేండ్లు గడచిన పిదప నొప్పిలో చెప్పదగిన భేదము లేకపోయినది. స్టెరాయిడు పొందినవారికి తెల్లని పొర మాత్రము మరికొంత ఎక్కువగా తరిగినది. అనగా ఇది చేబదులు వంటిది. ఆపదలో ఒకసారి తీసికొన్నచో ఆదుకొనును. మరల మరల తీసికొన్నచో అసలునకే మోసము. మధుమేహము గలవారికి ఆ సూది తరువాత కొన్ని దినములు చక్కెర పెరుగును. ఆ సంగతి ముందుగనే వైద్యునికి చెప్పవలెను.

రెండవది జిగురుమందు సూది. కీలులోని సహజద్రవమున నుండు హయలురోనికు ఆమ్లమును ఎక్కించుట. దీనిని మొదట కోడిపుంజుల జుట్టునుండి తీసిరనిన మీకు ఆశ్చర్యము కలుగవచ్చును. ఎన్నో పరిశోధనలను ఒకచోట చేర్చి 2022లో వెలువరించిన సమీక్షలో దీనివలన కలుగు మేలు ఉత్త సూదివలని మేలుకంటె మిక్కిలి స్వల్పమని తేలినది. నేను దీనిని అనామతు పుటలో గూడ వ్రాయుటకు సంకోచించితిని. మా జిల్లా వైద్యుడు కొందరికి నెమ్మది కనబడినదని చెప్పుటచే అచ్చటనే యుంచితిని.

మూడవది మా అక్కయ్య చేయించుకొన్నది. మన రక్తమునే తీసి, గిరగిర త్రిప్పి, రక్తఫలకములు దండిగా నున్న భాగమును వేరుచేసి కీలులోనికి ఎక్కింతురు. దీనికి పి.ఆర్.పి. యని పేరు. ఆస్ట్రేలియాలో 288 మందిపై జరిపి 2021లో ప్రకటించిన పరిశోధనయందు, దీనికిని ఉప్పునీటికిని సంవత్సరాంతమున నొప్పిలోగాని తెల్లని పొర పరిమాణములోగాని భేదము కానరాలేదు. గుణము కలదని చెప్పిన చిన్న పరిశోధనలును ఉన్నవి. కనుక ఇది అనామతు. దీనిని గుజ్జు పెంచు మందని అమ్మువాడు మాత్రము లేని నిలువను చూపువాడు.

మూలకణముల పేర లక్షలు అడుగువారును ఉన్నారు. భారత వైద్య పరిశోధన మండలి 2017నాటి మార్గదర్శకములు కొన్ని రక్తవ్యాధులు మొదలైనవానికి దక్క, తక్కిన జబ్బులకు దీనిని అనుమతి పొందిన పరిశోధనలందే చేయవలెనని చెప్పినవి. పరిశోధనలో చేరినవారి యొద్ద డబ్బు తీసికొనుట ధర్మము గాదు. డబ్బు అడిగిరనిన అది పరిశోధన కాదని గ్రహింపుడు. ఇది ఖర్చు పుటలోనిది.

నాలుగవది నరములను కాల్చుట. వినుటకు భయముగా నుండును గాని భయంకరమైనది కాదు. మోకాలి నొప్పిని మెదడునకు చేర్చు సన్నని నరములు కొన్ని కీలు చుట్టును ఉన్నవి. మొదట వానివద్ద మత్తుమందు ఎక్కించి నొప్పి తగ్గునో లేదో చూతురు. తగ్గినచో తెరమీద చూచుచు సూది నాటి, రేడియో తరంగముల వేడిచే ఆ నరమును ఒకటి రెండు నిమిషములు మాత్రము కాల్తురు. కొరియా వైద్యులు 2011లో దీనిపై పరిశోధన వెలువరించిన పిమ్మట ఇది వ్యాపించినది. కొందరికి ఆరు నెలలు, కొందరికి సంవత్సరము నెమ్మది కలుగును. నరము మరల పెరుగును, నొప్పి మరల రావచ్చును. ఇది కీలును బాగుచేయదు, నొప్పి కబురును మాత్రము ఆపును. శస్త్రచికిత్సకు దేహము తాళని వృద్ధులకు ఇది ఉపయోగపడవచ్చును. పెద్ద ఆసుపత్రులలో అనుభవజ్ఞులు మాత్రమే చేయదగినది.

ఐదవది రక్తనాళముల మార్గమున చేయునది. వాచిన కీలు సంచికి క్రొత్తగా మొలచిన సన్నని నాళములను, తొడనుండి పంపిన గొట్టము ద్వారా మూసివేయుదురు. జపానుదేశపు ఒకునో యను వైద్యుడు దీనికి మార్గము చూపెను. ఇది ఇంకను పరీక్షలలో నున్నది. అనామతు.

మోకాలిని గొట్టముతో కడిగి చెక్కు పద్ధతి సంగతి ముందే చెప్పితిని. కేవలము అరుగుదల నొప్పికి అది వలదని 2017లో అంతర్జాతీయ నిపుణుల బృందమొకటి గట్టిగా చెప్పినది. ఖర్చు పుట.

పేరులేని పొడులు, పొట్లములు, ముద్దలు కూడ ఖర్చు పుటలోనివే. వానిలో స్టెరాయిడు కలిపి అమ్ముట పలుమారులు బయటపడినది. మూడు దినములలో ముప్పదియేండ్ల నొప్పి మాయమైనచో సంతోషింపకుడు, సందేహింపుడు.

ఇన్నిటికిని లొంగక, రాత్రి నిద్ర పట్టక, ఇంటిలోనే నడువలేనివారికి మోకాలు మార్పిడి కలదు. దానికి వృథాగా భయపడుటయు తప్పే. తగినవారికి తగిన సమయమున చేసినచో అది పెక్కేండ్లు సుఖమిచ్చు వైద్యము. 2017 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము కృత్రిమ మోకాళ్ళ ధరలకు హద్దు విధించినది. ఎక్కువగా వాడు కోబాల్టు క్రోమియము రకమునకు నాడు నిర్ణయించిన గరిష్ఠ ధర పన్ను గాక 54,720 రూపాయలు. నేటి హద్దు ఎంతయో అడిగి, పరికరమునకెంత, గదికెంత, వైద్యునికెంత అని విడివిడిగా వ్రాసిచ్చిన పద్దును పుచ్చుకొనుడు. ప్రభుత్వ ఆరోగ్య పథకము క్రింద ఏమి వర్తించునో ముందుగనే తెలిసికొనుడు. పద్దు అడుగుట వైద్యుని అవమానించుట కాదు.

ఒక హెచ్చరిక. మోకాలు ఎర్రబడి, వేడెక్కి, వాచి, జ్వరము కూడ వచ్చినచో అది అరుగుదల కాదు. ఆ దినమే ఆసుపత్రికి పోవలెను. ఉదయము లేవగానే చేతివ్రేళ్ళ కీళ్ళుకూడ గంటసేపు బిగిసియుండినచో అది వేరు జాతి కీళ్ళవాతము. దానికి మందులు వేరు. ఆలస్యము చేసినచో కీళ్ళు వంకరలు తిరుగును. నేను చెప్పిన లెక్కయంతయు అరుగుదల నొప్పికి మాత్రమే.

మా అక్కయ్య సంగతి మీరు వినగోరుదురు. ఆమె కుర్చీ వ్యాయామము పట్టుదలతో చేసినది. ఏడు కిలోలు తగ్గినది. ఒకసారి వాపు మిక్కిలియైనపుడు జిల్లా ఆసుపత్రిలో ఒకే ఒక స్టెరాయిడు సూది తీసికొన్నది. కుడి మోకాలు నేటికిని ఆమెను మోయుచున్నది. ఎడమది లొంగలేదు. 2022లో దానికి మార్పిడి జరిగినది. ఆనాడు పద్దు నేనే అడిగి వ్రాయించుకొంటిని. ప్రశ్నలును నేనే అడిగితిని. ఆమె నావైపు చూచి, "ఇప్పుడు నీవు కరణము కొడుకువు" అనినది. గాజులు మాత్రము మరల రాలేదు.

ఇక చివరి మాట. మందులన్నియు మోకాలిని మెట్లకు తగినట్లు చేయజూచునవి. మెట్లను మోకాలికి తగినట్లు చేయుట మన చేతిలోని పని. నేను కొలిచితిని. మన మెట్లు పది. మెట్టుకు ఆరంగుళముల చొప్పున ఐదడుగుల ఎత్తు. చక్రముల కుర్చీ ఎక్కదగిన వాలుబాటకు అడుగెత్తునకు పన్నెండడుగుల పొడవు కావలెను. అనగా అరువదియడుగులు. మన ముంగిట అంత చోటు లేదు. కట్టడము ప్రక్కగా మలుపులు త్రిప్పినచో పట్టును. దానికి చందా పోగగువరకు ఆగనక్కరలేదు. ఈ నెలలోనే మెట్లకు రెండు వైపుల చేపట్టు కమ్ములు వేయింపవచ్చును. చాపలకు బదులు చేతులుగల ఎత్తైన కుర్చీలు ఆరు తెప్పింపవచ్చును. క్రింది వరండాలో వారమునకు రెండు సాయంకాలములు పత్రికలను, పుస్తకములను దింపి ఉంచవచ్చును. కమ్ములకు నా వంతుగా ఐదువేల రూపాయలు ఇప్పుడే అధ్యక్షులవారికి సమర్పించుచున్నాను.

ఇది అసాధ్యమని యెవరైన అనుకొందురేని 1935ను జ్ఞాపకము చేసెదను. ఆ యేట పాతూరి నాగభూషణముగారు కృష్ణ కాలువమీద పెదవడ్లపూడి, కొల్లిపరల నడుమ పడవలో గ్రంథాలయము నడిపిరి. పాఠకుడు గ్రంథాలయమునకు రాలేనిచో గ్రంథాలయమే పాఠకునియొద్దకు పోవలెనని ఆ పెద్దలు తలచిరి. వారు కాలువ దాటించిన పుస్తకములను మనము పది మెట్లు దింపలేమా?

ఆ తొమ్మండుగురి పేర్లును నా దస్త్రమున నున్నవి. వారి చందా ఈ యేటికి చెల్లించితిని. పేర్లకెదుట "హాజరు" అని వ్రాయుటకు గడి ఖాళీగా ఉంచితిని. దానిని నింపు భారము మనది.